అండమాన్‌లో సెల్ టవర్: ఎక్కడ నిలపాలి, ఎవరు నిర్ణయించాలి?

శ్రీ విజయపురంలో ఒక ప్రైవేటు భవనంపై సెల్ టవర్ వెలిస్తే, అభ్యంతరమున్న పొరుగువారు ముందుగా వెళ్లేది పురపాలక మండలి కార్యాలయానికే. అయితే ఆ కార్యాలయం చేయగలిగింది ఇప్పుడు చాలా స్వల్పం. అక్కడి నుంచి ఉత్తరంగా ట్రంక్ రోడ్డు వెంట అడవి మొదలయ్యే చోట అదే టవర్ నిలపాలంటే దస్త్రం ఢిల్లీ దాకా కదలాలి. ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో ఇంతటి అంతరం ఎందుకన్నది, పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్నప్పటి నుంచీ ఈ నగరానికి వలస వచ్చి స్థిరపడిన తెలుగువారికీ ఆసక్తికరమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల జనాభా 3.80 లక్షలు. వారిలో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష.

స్థానిక సంస్థల అధికారం ఒక్కరోజులో తగ్గలేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద కేంద్రం 2016 నవంబరులో మార్గహక్కు నిబంధనలను ప్రకటించింది. ప్రభుత్వ స్థలంలో టవర్‌కు దరఖాస్తు చేస్తే సంబంధిత సంస్థ నిర్ణీత గడువులో తేల్చాలి, తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి అన్నది వాటి సారాంశం. 2022 ఆగస్టు సవరణ మరో అడుగు ముందుకు వేసింది. ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేదని, స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రంతో ముందస్తు సమాచారం ఇస్తే చాలునని పేర్కొంది. తరువాత వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టానికి అనుగుణంగా రూపొందిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వీటి ప్రకారం 67 రోజుల్లో నిర్ణయం వెలువడకపోతే అనుమతి లభించినట్లే లెక్క. ఉద్యోగుల కొరత ఉన్న చిన్న పంచాయతీకి ఇది కఠినమైన షరతే.

అదే చట్టంలోని మరో అంశం సామాన్యులకు అంతగా తెలియదు. కేంద్రం అనుమతి లేకుండా ఏ స్థానిక సంస్థా టవర్‌కు సీలు వేయరాదు, సిబ్బందిని అడ్డుకోరాదు. ప్రకృతి విపత్తులు, ప్రజా అత్యవసర పరిస్థితులకు మాత్రమే మినహాయింపు ఉంది. స్థల యజమాని అంగీకరించని పక్షంలో, ప్రజాప్రయోజనం కోసం అవసరమని భావిస్తే కేంద్రం జోక్యం చేసుకోవచ్చు. ఆదాయం విషయంలోనూ స్థానిక సంస్థలకు నష్టమే. మొబైల్ టవర్లపై ఆస్తి పన్ను విధించవచ్చని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో తీర్పు ఇచ్చింది. 2023 చట్టం మాత్రం ఆస్తి పన్ను నిమిత్తం టెలికాం వ్యవస్థను ఆ స్థలంలో భాగంగా పరిగణించరాదని నిర్దేశించింది.

ప్రజల ఫిర్యాదుల్లో అధిక భాగం రేడియేషన్ భయానికి సంబంధించినవే. 2012 సెప్టెంబరు 1 నుంచి భారత్ అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును ప్రమాణంగా స్వీకరించింది. 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. ఈ ప్రమాణం పాటిస్తే పాఠశాల, ఆసుపత్రి సమీపంలో ప్రత్యేక నిషేధం అవసరం లేదన్నది టెలికాం శాఖ వైఖరి. ఒక ప్రాంతంలోని టవర్ల వివరాలను పౌరులే చూసుకునేందుకు 2017 మేలో తరంగ్ సంచార్ పోర్టల్‌ను ప్రారంభించారు. రుసుము చెల్లించి కొలతలు కూడా తీయించుకోవచ్చు.

పట్టణ పొలిమేర దాటగానే పరిస్థితి తలకిందులవుతుంది. ద్వీపాల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో అత్యధిక భాగం అడవే. అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఆమోదం తప్పనిసరి. అభయారణ్యమైతే వన్యప్రాణి బోర్డు పరిశీలన కూడా ఉంటుంది. రక్షిత ప్రాంతాల్లోనూ, వాటి చుట్టుపక్కలా కొత్త టవర్లకు ముందు అటవీ శాఖను సంప్రదించాలని పర్యావరణ శాఖ 2012 ఆగస్టులో సూచించింది. నార్కోండం దీవి ఉదంతం ఇక్కడ గుర్తుకు వస్తుంది. అక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఒక జాతి హార్న్‌బిల్ పక్షి కోసం, తీర రక్షక దళం ప్రతిపాదించిన రాడార్ కేంద్రాన్ని పర్యావరణ శాఖ 2012లో తిరస్కరించింది. 2014లో అనుమతించింది. రక్షణ అవసరానికే అంత సమయం పట్టినప్పుడు ఫోన్ సంకేతాల కోసం వేచి ఉండటంలో వింత లేదు.

అన్నింటికంటే సున్నితమైనది జారవా రిజర్వు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల ప్రకారం ఈ రిజర్వుల్లోకి ఇతరుల ప్రవేశంపైనా, అక్కడి భూమిపై హక్కు పొందడంపైనా కఠిన ఆంక్షలున్నాయి. అయినా అండమాన్ ట్రంక్ రోడ్డు ఈ రిజర్వు గుండానే సాగుతోంది. సుప్రీంకోర్టు 2002లోనే ఈ మార్గంలో కొంత భాగాన్ని మూసివేయాలని ఆదేశించింది, కానీ వాహనాలు నేటికీ నడుస్తున్నాయి. ఆ దారిలో బస్సు చెడిపోతేనో, ప్రయాణికునికి గుండెపోటు వస్తేనో ఫోన్ పనిచేయడం ప్రాణావసరం. అయితే టవర్‌తో పాటు డీజిల్ జనరేటర్, మరమ్మతు సిబ్బంది, వారి రాకపోకలు కూడా అడవిలోకి వస్తాయి. బయటివారి నుంచి సోకే వ్యాధులు ఈ తెగకు ఎంత ప్రమాదకరమో 1999 నాటి తట్టు అనుభవం చెబుతోంది. రహదారి ఉన్నంత కాలం సంకేతాలు కావాలన్న డిమాండ్ సహేతుకమే. కానీ టవర్లను రిజర్వు వెలుపలే నిలిపి, లోపలి భాగానికి ఉపగ్రహ అత్యవసర పరికరాలను వాడటం తక్కువ హానికర మార్గంగా తోస్తుంది.

నికోబార్ జిల్లాలో పంచాయతీలకు బదులు 2009 నిబంధనల కింద ఏర్పడిన గిరిజన మండళ్లున్నాయి. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే మాత్రం దీనికి మినహాయింపు. 1969 నుంచి అక్కడ స్థిరపడిన మాజీ సైనిక కుటుంబాల్లో ఆంధ్రప్రదేశ్ వారూ ఉన్నారు. తీరానికి దగ్గరగా కట్టాలంటే 2019 మార్చి నాటి ద్వీప తీర క్రమబద్ధీకరణ ప్రకటనను చూడాలి. పెద్ద దీవుల గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి వంద మీటర్ల వరకు, హావ్‌లాక్, కార్ నికోబార్ వంటి వాటిలో 50 మీటర్ల వరకు నిర్మాణాలపై ఆంక్షలున్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ కార్ నికోబార్ తీరాన్ని తుడిచిపెట్టిన తీరు తెలిసినవారెవరూ ఈ షరతును అధికమనరు. టవర్‌ను ఎత్తైన చోటికి తరలిస్తే మాత్రం మళ్లీ అటవీ భూమి అడ్డు వస్తుంది.

2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున, 1,224 కోట్ల రూపాయల వ్యయంతో ఏడు ఇతర దీవులను శ్రీ విజయపురంతో కలిపింది. అంతకుముందు ఉపగ్రహాలపై ఆధారపడిన ద్వీపాలకు కేబుల్ ద్వారా సామర్థ్యం సమకూరింది. దానిని తీరం నుంచి లోపలి ఊళ్లలోని ఫోన్లకు చేర్చే పని మాత్రం టవర్లదే. స్థల వివాదాల్లో వేగంగా ఒక కొలిక్కి వచ్చేవి నేటికీ పట్టణ దస్త్రాలే, ఎందుకంటే 67 రోజుల గడువు ఉన్నంత మాత్రాన అటవీ, గిరిజన, తీర చట్టాల కింద విడిగా పొందాల్సిన అనుమతులు వచ్చినట్లు కాదు.