ఆసుపత్రి లెక్కలు - డాక్టర్ల ఆలోచన - మన వాడలు

2020 డిసెంబర్ 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లోనే ఆరొందల మంది దాకా ఆసుపత్రిపాలయ్యారు. ఒక్కొక్కరినే చూస్తే అది ఫిట్స్ కేసు. ఏ వీధి, ఏ వయసు, ఏ నీళ్లు, ఏ రోజు అని వరసగా పేర్చి చూస్తేనే అది ఊరి జబ్బు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తపరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత పురుగుమందుల అవశేషాల మీద అనుమానం బలపడింది.

డాక్టరు ఎదుట ఉండేది ఒక మనిషి. వంద మందిని కలిపి చూపించేది రిజిస్టరు. ఏలూరులో అంతా వారం రోజుల్లో జరిగింది కాబట్టి అందరూ లెక్కపెట్టారు. మరి ఏళ్లతరబడి చప్పుడు లేకుండా జరిగేవాటిని లెక్కపెట్టేదెవరు?

గర్భసంచి ఆపరేషన్లే తీసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తమ్మీద నూటికి 3 మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మందికి తీసేశారు. అదే సర్వేలో రాష్ట్రంలోని సిజేరియన్లు ప్రభుత్వాసుపత్రుల్లో సుమారు 27 శాతం, ప్రైవేటులో 63 శాతం. బీహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో అక్కరలేని గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఆపరేషన్ల మీద నిఘాకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఈ లెక్కలు చూపిస్తే డాక్టర్లు ఒక మాటంటారు: "మా దగ్గరికొచ్చేవన్నీ కష్టమైన కేసులే." కొన్నిచోట్ల అది నిజమే కావొచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో రాబ్సన్ వర్గీకరణను సిఫారసు చేసింది. మొదటి కాన్పా, ఇదివరకు సిజేరియన్ అయిందా, బిడ్డ తల కిందికుందా, నెలలు నిండాయా, నొప్పులు వాటంతటవే వచ్చాయా వంటి ప్రశ్నలతో కాన్పులన్నిటినీ 10 గుంపులు చేస్తారు. మొదటి కాన్పు, నెలలు నిండి, ఒకే బిడ్డ, తల కిందికుండి, నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్లు ఒక గుంపు. వాళ్లలో ఎందరికి కోశాం? ఈ ప్రశ్న వేసుకున్న డాక్టరుకు కష్టమైన కేసుల సాకు మిగలదు. ఎవరో వేసిన నింద కాదు గదా, తన చేతి లెక్కే.

ఇందులో కులమెక్కడుంది అని అడగొచ్చు. ఆరోగ్యశ్రీ రికార్డుల్లో వయసు, ఊరు, మండలంతో పాటు కులం గడి కూడా ఉంది. దరఖాస్తుకు పనికొచ్చిన కులం సమీక్షకెందుకు పనికిరాదు? ఎవరికి ఏ వయసులో గర్భసంచి పోయింది, ఎవరు ఆసుపత్రిలో చనిపోయారు అని ఆ గడిని బట్టి విడదీసి చూడమంటున్నాం.

రిజిస్టరుకు ఒక పెద్ద లోపముంది. అందులో ఉండేది ఆసుపత్రి గడప తొక్కినవాళ్లే. కొల్లేరు లంకల్లో వరదొస్తే దారులు మునుగుతాయి. చేపల చెరువు మీద కూలికెళ్లే మనిషి ఒకరోజు మానితే ఆ రోజు కూలి పోయినట్టే. అలాంటి తల్లి ఏలూరుకో తాడేపల్లిగూడేనికో చేరేసరికి, కేస్ షీట్లో "ఆలస్యంగా తెచ్చారు" అని ఒక్క ముక్క పడుతుంది. తప్పు రోగిదైపోతుంది. నొప్పులు మొదలైన గంట, బండి దొరికిన గంట, ఆసుపత్రి చేరిన గంట, డాక్టరు చూసిన గంట వేరువేరుగా రాస్తే ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. కొంత దారిలో జరిగుంటుంది, కొంత ఆసుపత్రి వరండాలోనే జరిగుంటుంది.

ఈ సమీక్ష నెలకోసారి జరగాలి. డాక్టర్లతో పాటు నర్సులు, ఏఎన్ఎంలు, ఆశాలు కూర్చోవాలి. ఎవరి లెక్క ముందు వాళ్లకే చూపించాలి. దీన్ని బదిలీలకు, మెమోలకు వాడితే రేపట్నుంచి రిజిస్టర్లో అబద్ధాలే రాస్తారు. రోగుల పేర్లు తీసేయాలి. చిన్న పేటలో కులం, వయసు చెప్తే మనిషి దొరికిపోతుంది కాబట్టి బయటికి మొత్తాలే ఇవ్వాలి. అయితే రోగి గోప్యత పేరుతో ఆ మొత్తాలు కూడా దాచిపెడితే ఒప్పుకోకూడదు.

2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి విద్యార్థులకు ఈ లెక్కలు చూడటం చదువులో భాగం కావాలి. కార్యకర్తలు 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వాసుపత్రుల్నీ, ప్రైవేటుకు జనం డబ్బు చెల్లించే ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) ట్రస్టునూ అడగొచ్చు. మొదటి ప్రశ్న ఇది కావచ్చు: పోయిన ఏడాది మా మండలంలో 40 ఏళ్లలోపు ఎస్సీ స్త్రీలలో ఎందరికి గర్భసంచి తీశారు?