విమానానికి పాదాలే పగ్గాలు

పంజాగుట్ట: పంజాగుట్ట, అమీర్‌పేట కూడళ్లలో బస్సు దిగిన పల్లెవాసులు తల పైకెత్తి విమానాలు చూసిన కాలం ఒకటుండేది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. కూతవేటు దూరంలోని బేగంపేట విమానాశ్రయం మాత్రం ఉంది. ఎందరో కుర్రాళ్లు చిన్న విమానాలు నడపడం నేర్చుకున్నది అక్కడే.

విమానం నడపడమంటే చేతుల పని అనుకుంటాం. నేలమీద ఉన్నంతసేపూ అది కాళ్ల పని.

సెస్నా 152 సంగతే చూడండి. ఇద్దరు కూర్చునే బండి. మనుషులు, పెట్రోలుతో కలిపి 757 కిలోలు మించరాదు. ఎదుట జీపు స్టీరింగు లాంటిది ఉంటుంది. కొత్తవాడు దాన్నే తిప్పుతాడు, విమానం మాత్రం మలగదు. మలిపేవి కాళ్లదగ్గరి రెండు పెడళ్లు. అవి తోకలోని చుక్కానికీ, ముందు చక్రానికీ కలిసి ఉంటాయి. కుడిపాదం నొక్కితే కుడికి పోతుంది. సైకిల్ తొక్కినవాడికి ఇదే చిక్కు. హ్యాండిల్ కుడికొసను ముందుకు తోస్తే సైకిల్ ఎడమకు తిరుగుతుంది కదా!

అసలు తంటా బ్రేకులతో. అవి అవే పెడళ్ల పైభాగాన ఉంటాయి. అందుకే మడమలు నేలకు ఆనాలి, వేళ్ల మొదళ్లు పెడల్ అడుగుభాగాన్నే తాకాలి. బ్రేకు కావలసినప్పుడే పాదం పైకి జరగాలి. భయంకొద్దీ పాదమంతా పైన పెట్టి దిగితే, చక్రం నేలను తాకేసరికే బ్రేకు పడి ఉంటుంది. టైరు పేలవచ్చు. ఒక కాలు బరువెక్కువైతే విమానం రన్‌వే దాటి పక్కకు దూసుకుపోవచ్చు.

కొందరు రెండు కాళ్లూ బిగబట్టి తోస్తారు. ఒక పెడల్ ముందుకు పోతే రెండోది వెనక్కి రావాలి. రెండు కాళ్లూ పోట్లాడుకుంటే విమానం మాట వినదు. బూటులో వేళ్లు ఆడించి చూసుకోమంటారు శిక్షకులు. ఆడకపోతే కాలు బిగుసుకున్నట్టే.

ఇంజను జోరందుకోగానే ముక్కు ఎడమకు లాగుతుంది. కుడికాలితో తగినంత అదిమిపట్టాలి. తగినంత అంటే ఎంత? కోడెకు పగ్గం ఎంత బిగించాలో ఎవరైనా కొలిచి చెప్పగలరా!

ఇవన్నీ సీటు కుదిరితేనే. పొట్టివాడికి వెనక దిండు పెట్టాలి, లేకుంటే పెడల్ చివరిదాకా అందదు. సీటు గొళ్లెం పడిందో లేదో కుదిపి చూసుకోవాలి. పైకి లేచే వేళ సీటు వెనక్కి జారి సెస్నాలు కూలిన సందర్భాలున్నాయి.

దళసరి బూట్లు, జారే చెప్పులు పనికిరావు. అడుగు పల్చగా ఉంటేనే పెడల్ కదలిక పాదానికి తెలుస్తుంది. వట్టికాళ్లతో దమ్ము చేసిన రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.