ఉయ్యాల వరుస

ఆట కొరకు పుట్టిన పాటలో మాట కంటె వరుసకే ఆయుర్దాయం ఎక్కువ. ఇటలీలో మాంటువా నగరం పేరుతో ప్రసిద్ధమైన ఒక నాట్యపు వరుస 17వ శతాబ్ది నాటికే వ్యాప్తిలో ఉన్నది. తరువాత అది అనేక దేశాలు తిరిగినది. చెక్ స్వరకర్త స్మెతనా 1874లో వల్తవా నదిని వర్ణిస్తూ కూర్చిన వాద్యరచనలోను, ఇజ్రాయెల్ జాతీయగీతంలోను దానికి మిక్కిలి దగ్గరి పోలిక వినిపిస్తుంది.

ఇట్టి వరుస మన తుంగతుర్తి ప్రాంతంలోనూ గలదు. మహాలయ అమావాస్య మొదలు 9 దినాలు స్త్రీలు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే ఉయ్యాల పాట అది. ఒకామె చరణం అందిస్తుంది, తక్కినవారు అందుకుంటారు. చరణం పొట్టిది, దాని చివర ‘ఉయ్యాలో’ అన్న మాట వచ్చి వరుసను నిలుపుతుంది. చప్పట్టు, అడుగు, నడుము వంచి లేవడం, ఇవే తాళం. వేరే వాద్యం అక్కరలేదు. వలయమంతా చరణాన్ని తిరిగి పాడే లోపల ముందు పాడే ఆమెకు తరువాతి మాట కూర్చుకొనే వ్యవధి చిక్కుతుంది. ఈ పాట బలమంతా ఆ వ్యవధిలోనే ఉన్నదని మా అభిప్రాయం. గౌరమ్మ కథ అయినా, అత్తింటి కష్టమైనా అందులో ఇముడుతుంది.

వెట్టిచాకిరీ కూడా ఇమిడినది. తుంగతుర్తి సమీపంలోని కర్విరాల కొత్తగూడెంలో జన్మించిన మల్లు స్వరాజ్యం, 1946-51 నాటి తెలంగాణ రైతాంగ పోరాటంలో దొరల దౌర్జన్యాన్ని ఈ ఉయ్యాల వరుసలోనే పాడి వినిపించినారు. విన్నవారికి వరుస నేర్పవలసిన పనిలేదు. అది బాల్యం నుండి నోట నున్నదే. ఆమె 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి నుండే శాసనసభకు ఎన్నికైనారు, 2022లో కీర్తిశేషులైనారు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినది. 2021లో ఎ.ఆర్. రహమాన్ ‘అల్లిపూల వెన్నెల’ పాటను స్వరపరచినారు. 2023లో ఒక హిందీ చిత్రంలో సైతం బతుకమ్మ పాట తెలుగు మాటలతోనే వినిపించినది. ఈ రచనలు శ్రావ్యమైనవి. వాటిని మేము తక్కువ చేయము. అయితే రికార్డులో చరణం తరువాత చరణం ముందే నిశ్చితమై ఉంటుంది. లౌడుస్పీకరు ఎవరి మాట కొరకూ ఆగదు. ఆడేవారు అడుగు వేస్తారు, చప్పట్టు కొడతారు, నోరు మెదపనక్కరలేదు.

ఈ ఏటి పండుగకు మీ వాడలో ఎవరైనా స్వయంగా పాట ఎత్తుకున్నట్లయితే, వలయం తిరిగి పాడుతున్నప్పుడు ముందు పాడే ఆమె ముఖం వైపు ఒక్కసారి చూడుడు. తరువాతి చరణం అప్పుడే తయారవుతూ ఉంటుంది.