చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? గాలం వేసేవారు ఏం చేయాలి?

ఉప్పల్, నాచారం, నారపల్లి వైపు చెరువుగట్టున తెల్లవారుజామునే గాలం వేసేవారికి ఈ దృశ్యం ముందుగా కనిపిస్తుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గిందనడానికి ఇదే సంకేతం. చేపలకు లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

ఎందుకు తగ్గుతుంది? మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేస్తుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు కూడా రాత్రి దాన్నే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారేసరికి ఊపిరాడదు.

ఏం చేయాలి? మురుగు కలిసేచోటు, నీటి రంగు, నురగ కనిపించేలా సమయంతో ఫొటోలు తీసి వెంటనే పీసీబీకి ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైతే ఆధారం నీటితోపాటే పోతుంది. చచ్చిన చేపలను తినొద్దు, అమ్మొద్దు.

ఇంగ్లండ్‌లో గాలం వేసేవారు 1948లోనే సంఘం పెట్టుకుని, నదులను పాడుచేసేవారిని కోర్టుకీడ్చారు. ఇక్కడ తొలి అడుగు ఒక ఫిర్యాదే.