విమాన యంత్రమున నిప్పురవ్వ తప్పినచో



రఘునాథపల్లిలో మా యింటి అరుగుమీద ఒక సాయంకాలము కూర్చుండియుండగా, పూర్వము నా యొద్ద చదివిన పిల్లవాడొకడు వచ్చి, “సారూ, నేను స్వయముగా ఒక చిన్న విమానము కట్టుచున్నాను. దాని ఇంజను ఒకమారు బాగుగ నడచును. ఒకమారు నడుమ తడబడి ఆగిపోవును. కారణము తెలియకున్నది” అనెను. నేను సుద్దముక్క పట్టినవాడనే కాని పానా పట్టినవాడను కాను. అయినను చిన్ననాడు తర్కము చదివితిని. పొగనుబట్టి నిప్పు నూహించుట నేర్చినవానికి, నిప్పు రాని యంత్రమున దోషము నూహించుట మాత్ర మసాధ్యమా యని తలచి, వానితోఁ గూడ విచారించితిని. ఆ విచారమే నేటి నా ప్రసంగము.

విమానమును ఇంటిలో కట్టుట వింతగా తోచును గాని, మొట్టమొదటి విమానయంత్ర మట్టిదే. 1903 డిసెంబరు 17వ తేదీన రైటు సోదరులు ఎగిరిన విమానమునకు ఇంజనును వారి సైకిళ్ల దుకాణములోని పనివాడు చార్లెస్ టేలరు అచ్చటనే తయారుచేసెను. నాలుగు సిలిండర్లు, సుమారు పండ్రెండు గుఱ్ఱముల బలము. దానికి నేటి ప్లగ్గులు లేవు. సిలిండరు లోపలనే రెండు లోహపు కొనలు కలిసి విడిపోవునపుడు రవ్వ పుట్టెడిది.

రవ్వ ఎందులకు? పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి సిలిండరులో అదుమబడును. అదను చూచి అచ్చట నిప్పు పడవలెను. ముందు పడినను, వెనుక పడినను బలము చెడును. పడకున్నచో ఇంజను నిలుచును. పొలము దున్ను ట్రాక్టరు డీజిలుది గావున దానికి రవ్వ అక్కరలేదు. మన పైరులకు మందు కొట్టు పెట్రోలు పంపునకు కావలెను. చిన్న విమానమునకును అట్లే.

ఈ రవ్వను పుట్టించు సాధనమునకు మాగ్నెటో యని పేరు. అధిక వోల్టుల మాగ్నెటోను 1902లో జర్మనీలోని బాష్ సంస్థయందు గాట్లోబ్ హోనాల్డ్ సిద్ధపరచెను. ఇంజను తిరుగుకొలది అయస్కాంతము తిరుగును. దానిచేత ఇనుపరేకులపై చుట్టిన లావు తీగలో విద్యుత్తు పుట్టును. పాయింట్లు అనెడి రెండు చిన్న లోహపు ముక్కలు తగిన క్షణమున విడిపోయి ఆ ప్రవాహమును తటాలున తెంచును. ఆ తెంపుచేత, దానిపైనే వేలకొలది చుట్లుగా చుట్టిన వెండ్రుకవంటి రెండవ తీగలో వేలకొలది వోల్టులు పుట్టి, ప్లగ్గు కొనయందు రవ్వగా దూకును. దీనికి బ్యాటరీ అక్కరలేదు. ఇంజను తిరుగుచున్నంతకాలము రవ్వ తానే పుట్టుచుండును. ఆకాశమున అది గొప్ప మేలు.

ఇచ్చట ఒక విపరీతము గలదు; దీనిని మఱవకుడని ప్రార్థించుచున్నాను. ఇంటిలో దీపపు మీట నార్పినచో తీగ తెగును, దీప మారును. మాగ్నెటో మీట నార్పినచో తీగ తెగదు, కలియును. లావు తీగలోని విద్యుత్తు ఇంజను శరీరములోనికి మళ్లింపబడి, రవ్వ పుట్టకుండును. కావున ఆర్పు తీగ ఎచ్చటనైన తెగినచో, మీట ఆరినట్లే కనుపించును. మాగ్నెటో మాత్రము మేలుకొనియే యుండును.

ఈ సంగతి తెలియక నేనే చెడితిని. నా పడుచుతనమున మా బావిమీద ఒక చిన్న పెట్రోలు ఇంజను ఉండెడిది. ఒకనాడు మీట నార్పి, పట్టా సరిచేయుటకై చక్రమును చేతితో కొంచెము త్రిప్పితిని. ఇంజను ఒక్కసారిగా తన్నెను. నా కుడి బొటనవ్రేలు నాటినుండి వంగదు. తరువాతి కాలమంతయు సుద్దముక్కను మిగిలిన వ్రేళ్లనడుమ ఇరికించుకొని వ్రాసితిని. ఆర్పు తీగ లోలోపల తెగియుండెనని పిదప తెలిసెను. నాకు వ్రేలు పోయినది. అదే విమానపు పంకా యైనచో ప్రాణమే పోవును. కావున మీట ఆరియున్నను పంకాను నిప్పు గల దానినిగనే భావింపవలెను.

ఇక పరీక్షాక్రమము. పెద్ద కర్మాగారముల విమాన ఇంజనులకు సాధారణముగా రెండు మాగ్నెటోలు, సిలిండరు ఒక్కంటికి రెండేసి ప్లగ్గులు నుండును. ఒకటి చెడినను రెండవది దించును. ఎగురుటకు ముందు నేలమీదనే ఒక్కొక్క మాగ్నెటోపై నడిపి చూతురు. వేగము నిమిషమునకు నూఱు చుట్ల వరకు తగ్గుట చాల ఇంజనులకు సహజము. ఎంత మేర చెల్లునో ఆ ఇంజను పుస్తకమున నుండును. మిక్కిలి తగ్గి ఇంజను వణకినచో ఒక ప్లగ్గో దాని తీగయో చెడినది. వణకక, సమముగా నడచుచునే మిక్కిలి తగ్గినచో రవ్వపడు అదను తప్పినదేమోయని చూడవలెను. ఏమాత్రమును తగ్గనిచో సంతోషింపరాదు: ఆర్పు తీగ తెగి, ఆ మాగ్నెటో ఆరుటయే లేదేమో!

ఏ సిలిండరు చెడినదో తెలియుటెట్లు? చెడిన మాగ్నెటోపైననే కొంతసేపు నడిపి ఆపి, పొగగొట్టములపై నీటిచుక్కలు చల్లవలెను. చుక్క చుఱ్ఱుమనని గొట్టము గలదే, ఆ సిలిండరులో నిప్పు లేదు. అంతట దాని ప్లగ్గును తీసి వేఱొక సిలిండరునకు పెట్టి చూడవలెను. దోషము ప్లగ్గు వెంట పోయినచో ప్లగ్గుదే తప్పు. పోక అచ్చటనే నిలిచినచో తీగదో, తొడుగుదో. ఏది యున్నచో దోష ముండునో, ఏది లేనిచో లేకుండునో, అదే కారణము. దీనినే మన శాస్త్రములు అన్వయ వ్యతిరేకము లనినవి. ఒకేసారి ప్లగ్గు, తీగ, పాయింట్లు మూడింటిని మార్చినవాడు ఇంజనును నడిపింపవచ్చును గాని కారణమును తెలిసికొనలేడు.

చల్లగానున్నపుడు నడచి, వేడెక్కిన పిమ్మట తడబడు ఇంజను మఱొక తెగ. అందు తీగచుట్టయో, పాయింట్లు కాలకుండ కాపాడు కండెన్సరో అనుమానింపదగినవి. వానిని వేడిమీదనే పరీక్షింపవలెను. చల్లారినపుడు అన్నియు సాధువులే.

కొన్ని ఇంజనులలో రవ్వకు బ్యాటరీయే ఆధారము. పండ్రెండు వోల్టుల సీసపు బ్యాటరీ నిండుగ నుండి విశ్రమించునపుడు సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడచుచు నింపుచున్నపుడు సుమారు 14 వోల్టులు చూపవలెను. చూపనిచో మొదట సంధులను చూడుడు. మన బోరు మోటారు స్టార్టరులో వదులైన బిగింపు నల్లబడి కాలుట మీరెఱుగుదురు. విమానమునందును సామానుకన్న సంధులే తఱచుగా చెడును. కొయ్యతోడను గుడ్డతోడను కట్టిన విమానమున శరీరము విద్యుత్తును మోయదు గావున, తిరుగుత్రోవకు వేఱు తీగ కావలెను.

ఇప్పుడు మా పిల్లవాని కథ ముగింతును. వాని ఇంజనునకు మాగ్నెటో ఒక్కటియే. విమానమును గట్టిరాటకు కట్టివేసి, ఆర్పు తీగను మాగ్నెటో యొద్ద విప్పి నడిపించితిమి. ఆపుటకు పెట్రోలు కుళాయి యున్నది. ఇంజను అరగంటసేపు తడబడలేదు. కావున దోషము తీగలోనిదని తేలెను. వెదకగా, ఒక బిగింపు క్రింద తీగపై తొడుగు ఒరిసి, అదరినప్పుడెల్ల లోహమునకు తగులుచుండెను. నా ఇంజనున తీగ తెగి ఆరలేదు. వాని ఇంజనున తగులరాని చోట తగిలి ఆరినది. ఒకే తీగకు రెండు దోషములు!

తొడుగు మార్చుటతో ఇంజను చక్కబడెను. వాడు మఱునాడే ఎగిరెద ననెను. నేను నా బొటనవ్రేలు చూపితిని. ఒక్క రవ్వను నమ్మి ఊరిమీద ఎగురుట తగదనియు, 1934 నాటి విమాన చట్టము స్థానమున 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ వాయుయాన అధినియమము ననుసరించి, అధికారుల అనుమతి లేక ఎగురరాదనియు చెప్పితిని. వాడు కొంతసేపు తలవంచుకొని, పిదప పంకాను విప్పి మా యింటి గదిలో పెట్టిపోయెను. రెండవ మాగ్నెటో అమర్చి, అనుమతి పొందిన దినమున తీసికొనిపోవును.

పెద్దలారా, మీ యూళ్లలోను ఇట్టి పిల్లలుందురు. వారిని పరిహసింపకుడు, వారి తొందరను మాత్రము ఆపుడు. తెలివికి రవ్వ కావలెను, రవ్వకు అదను కావలెను. సెలవు.