గోడను వీడిన ఫలకం: జగ్గయ్యపేట స్తూపశిల్పం - ఒక పరిశీలన

18వ శతాబ్దపు ఫ్రెంచి సంపన్నుల మందిరాలలో గోడలకు చెక్క చట్రాలు బిగించి, వాటి నడుమ గొల్లపడుచులు, ఉద్యానాలు, ప్రేమికులు కనిపించే చిత్రఫలకాలను అమర్చేవారు. గది కొలతలను బట్టి చిత్రం కూర్పు ఉండేది. మదామ్ దు బారీ మందిరం కోసం ఫ్రాగొనార్ 1771-72లో చిత్రించిన నాలుగు ఫలకాలను ఆమె తిప్పి పంపింది. అవి నేడు న్యూయార్కులోని ఫ్రిక్ సేకరణలో ఉన్నాయి.

గోడను వీడిన ఇటువంటి ఫలకానికి ఎన్టీఆర్ జిల్లా మెట్టప్రాంతంలోనూ ఉదాహరణ ఉంది. నందిగామకు సమీపాన గల జగ్గయ్యపేటలో, ధనంబోడుపై ఉన్న బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. స్తూపం అడుగుభాగం చుట్టూ సున్నపురాతి పలకలు తాపడం చేసి ఉన్నాయి. వాటిలో అధికభాగం సాదా పలకలే. అంచులలో మాత్రం సన్నని అర్ధస్తంభాలు చెక్కారు. ఇక్కడ లభించిన చక్రవర్తి ఫలకం సుప్రసిద్ధం. చేయెత్తి నిలిచిన రాజు, మేఘాల నుండి రాలే చదరపు నాణేలు, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి మొదలైన సప్తరత్నాలు ఇందులో కనిపిస్తాయి. ఈ ఫలకం ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

ఫ్రెంచి ఫలకాలు గదిలో కూర్చున్నవారి వినోదానికి ఉద్దేశించినవి. స్తూపఫలకాలు ప్రదక్షిణం చేసే భక్తుని చూపుకు ఉద్దేశించినవి. సాదా పలకలను దాటుతూ నడిచేవానికి శిల్పం ఎదురయ్యే అనుభవం మ్యూజియంలో లభించదు. అందువల్ల చెన్నైలోని ఫలకాన్నీ, జగ్గయ్యపేటలో మిగిలిన స్తూపాన్నీ కలిపి అధ్యయనం చేసినప్పుడే ఆ శిల్పి సంకల్పం సమగ్రంగా బోధపడుతుంది. దిబ్బను కాపాడుకోవడం శిల్పాన్ని కాపాడుకోవడంలో భాగమే.