ఇచ్చే దేశాలు, నవ్వే దేశాలు

దానం చేస్తే మనసు తేలికపడుతుందని పెద్దలంటారు. అలాగైతే దానంలో ముందున్న దేశమే సంతోషంలోనూ ముందుండాలి కదా! లెక్కలు చూస్తే మాకు ఆశ్చర్యమే కలిగింది.

బ్రిటన్‌కు చెందిన చారిటీస్ ఎయిడ్ ఫౌండేషన్ దేశదేశాల ప్రజలను ప్రశ్నించి వేసిన 2024 దాతృత్వ పట్టికలో ఇండోనేషియాది మొదటి స్థానం. ముస్లిములు అధిక సంఖ్యాకులైన ఆ దేశంలో నూటికి 90 మంది, క్రితం నెలలో ఎంతో కొంత దానం చేశామన్నారు. 2015 నుంచి 2017 వరకు ఆ స్థానం మయన్మార్‌ది. తెల్లవారగానే భిక్షువుల పాత్రలో ఇంత అన్నం పెట్టనిదే రోజు మొదలుకాని ఇళ్లు అక్కడ ఎన్నో! కాని ప్రపంచ ఆనంద నివేదికలో 2018 నుంచి 2025 దాకా వరుసగా అగ్రస్థానం ఫిన్లాండ్‌ది. ఇండోనేషియా మొదటి యాభైలో కూడా లేదు.

ఆ నివేదిక అడిగేది వేరే ప్రశ్న. సున్నా నుంచి పది మెట్ల నిచ్చెన మీద మీ బతుకు ఏ మెట్టున ఉందంటుంది. జబ్బు చేస్తే వైద్యం ఖర్చులో అధిక భాగాన్ని పన్నుల సొమ్మే భరించే దేశంలో మనిషి పై మెట్టు చూపించడంలో వింతేముంది? చేయి చాచవలసిన అవసరం తగ్గినచోట దానాల లెక్క తగ్గితే అది లోపమని మేము అనుకోవడం లేదు.

దేశాన్ని దేశంతో కాక, ఒకే దేశంలో మనిషిని మనిషితో పోల్చితే కథ మారుతుంది. 136 దేశాల సమాచారాన్ని పరిశీలించి 2013లో వెలువరించిన ఒక అధ్యయనంలో, 120 దేశాల్లో దాతలే ఎక్కువ తృప్తిగా కనిపించారు. ఆదాయ భేదాన్ని లెక్కలోకి తీసుకున్నా ఇదే ఫలితం.

సంతోషంగా ఉన్నవాడే ఇస్తాడేమో? ఈ అనుమానం మాకూ వచ్చింది. 2008లో ప్రచురితమైన కెనడా ప్రయోగం దీనికి కొంత జవాబిస్తుంది. ఉదయం కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, సగం మందిని తమ కోసం, సగం మందిని ఇతరుల కోసం సాయంత్రంలోగా ఖర్చు చేయమన్నారు. ఇతరుల కోసం ఖర్చు పెట్టినవారే ఎక్కువ ఆనందంగా ఉన్నట్టు తేలింది. అయిదా ఇరవయ్యా అన్నది లెక్కలోకి రాలేదు. దక్షిణాఫ్రికాలోనూ, ఆసుపత్రిలోని పిల్లవాడి కోసం తినుబండారాల సంచి కొన్నవారు, తమకోసం కొనుక్కున్నవారికంటే ఉల్లాసంగా కనిపించారు. ఆ పిల్లవాణ్ని వారు చూడనైనా లేదు.

అయితే ఈ ప్రయోగాలన్నీ ఇచ్చినవాడి మనసునే కొలిచాయి. పుచ్చుకున్నవాణ్ని అడిగినవారు లేరు. ఫిత్రా నియమం మాత్రం అతని వైపు నుంచి ఆలోచించింది. ఈద్ నమాజుకు ముందే అది చేరాలి. నమాజు ముగిశాక చేరితే, ఆ ఇంట్లో పండుగ పూట పొయ్యి వెలిగేదెప్పుడు?